తడి సీటూ, తీసేసిన జాకెట్టూ

నాది జనగామ. పడవల గురించి రాస్తానంటే మా ఊళ్ళో ముందు నవ్వుతారు. దేవాదుల నీళ్ళు రాకముందు మా దిక్కు చెరువు అలుగు పోయడమే పెద్ద వార్త. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి చాలా రోజులుగా బుర్రలో తొలుస్తోంది.

ఆ మధ్య అమ్మనీ చిన్నమ్మనీ పక్క జిల్లాలో ఒక చెరువుకి తీసుకెళ్ళి పడవ ఎక్కించాను (ఏ చెరువో చెప్పను, తగువు నాకొద్దు). సీటుకి రెక్సిన్ చిరిగి ఉంది. పైకి పొడిగానే కనిపించింది. కూర్చోగానే లోపలి స్పాంజిలోంచి నీళ్ళు ఊరి చీర తడిసిపోయింది. ఇచ్చిన లైఫ్ జాకెట్ ముందు ట్రిప్పు వాళ్ళు తొడిగి విప్పింది, చెమటా నీళ్ళూ కలిసి ముక్కిన వాసన. సగం దూరం పోయాక చూద్దును కదా, అమ్మ జాకెట్ విప్పి మడిచి కింద వేసుకుని దాని మీద కూర్చుంది! "కంపు కొడ్తుంది బిడ్డా, కిందేమో అంత తడి" అంది. చిన్నమ్మ ఇంకా నయం, తడి లేని సీటు చూసుకుని అటు పక్కకి జరిగింది. ఆమె వెనకే ఇంకో నలుగురు. పడవ అటువైపు ఒరిగింది.

ఏమీ కాలేదు, క్షేమంగానే వచ్చాం. కానీ నాకు 2019 సెప్టెంబర్ 15 గుర్తొచ్చింది. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. మన వరంగల్ పక్కన కడిపికొండ నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. భోజనం వేళని చాలామంది జాకెట్లు విప్పేశారని, బతికి బయటపడ్డవాళ్ళ మాటగా అప్పట్లో పేపర్లలో వచ్చింది. దాని మీద మనవాళ్ళ వ్యాఖ్యానం తెలిసిందే కదా, "జనానికి క్రమశిక్షణ లేదు".

మా వృత్తిలో కూడా ఈ రోగం ఉంది. ప్రోగ్రాం సరిగ్గా రాయం, వాడేవాడు తప్పు బటన్ నొక్కితే "యూజర్ ఎర్రర్" అని రాసి పడేస్తాం. పదిమందిలో ఎనిమిదిమంది అదే తప్పు చేస్తుంటే తప్పు వాళ్ళది కాదు. జాకెట్ విషయం కూడా అంతే. మే నెల ఎండలో ఒంటికి అంటుకుపోయే తడి జాకెట్‌ని ఎవడైనా విప్పుతాడు.

రాఫ్టింగ్ వాళ్ళు ఈ లెక్క ఎప్పుడో తేల్చుకున్నారు. ఆఫీసు వాళ్ళతో దాండేలి వెళ్ళినప్పుడు కాళీ నదిలో రబ్బరు తెప్ప ఎక్కాను. ఒక సుడి దాటగానే మోకాళ్ళదాకా నీళ్ళు. బక్కెట్ కోసం వెతుకుతున్నాను, ఈలోపే నీళ్ళు మాయం! అడుగున ఉన్నది గాలి నింపిన పరుపు. అది నది మట్టం కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. అంచుల్లో తాడుతో అల్లి, మధ్యలో సందులు వదిలేస్తారు. లోపల పడ్డ నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికి పోయినట్టు సందుల్లోంచి పోతాయి. 1980ల ముందు ఇవి లేక బక్కెట్లతోనే తోడుకునేవాళ్ళట. రాఫ్టింగ్‌లో తడవకపోతే మజా ఏముందని అడగొచ్చు. నిజమే, మీద పడే నీళ్ళు మజా. గంటసేపు నీళ్ళలో కూర్చోవడం మాత్రం కాదు.

మన పడవలకి అంత హంగు అక్కర్లేదు. స్పాంజి తీసేయండి చాలు. అది నీళ్ళు తాగుతుంది, వదలదు. పార్సిళ్ళలో టీవీ చుట్టూ పెట్టే తెల్ల ఫోమ్ లాంటిదో, యోగా చాప లాంటిదో ఐతే నీళ్ళు పీల్చదు, గుడ్డతో తుడిస్తే పొడే. ఇంకా తేలికది మనింట్లోనే ఉంది, నవారు మంచం. పైపు చట్రానికి నైలాన్ నవారు అల్లితే నీళ్ళు ఆగవు, కింద నుంచి గాలి ఆడుతుంది, నడుముకీ హాయి. (సుఖం పేరుతో ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం వేయకండి. ఎత్తు పెరిగితే పడవ తొందరగా ఒరుగుతుంది, ఒరిగితే కుర్చీలన్నీ ఒక పక్కకే జారతాయి.) జాకెట్లు రెండు జతలు ఉంచి, ఒక జత ఎండలో ఆరేస్తుంటే వాసన గొడవ వదులుతుంది. నీళ్ళలో మనిషి తల పైకి ఉండాలంటే నాలుగైదు కిలోలు పైకి తేల్చే బలం చాలు, అంతకోసం ఒంటిమీద బొంత కట్టనక్కర్లేదు. కానీ పట్టీలు బిగించాలి, వదులుగా ఉంటే మనిషి కిందికి జారి జాకెట్ చెవులదాకా వస్తుంది.

ఇదంతా టూరిస్టుల సుఖం గొడవ అనుకునేవాళ్ళకి మోరంచపల్లి గుర్తు చేస్తాను. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు ఆ ఊరిని ముంచేసింది. చిట్యాలలో ఒక్కరోజులో 61 సెంటీమీటర్ల పైన వాన. జనం డాబాల మీదకెక్కారు. సైన్యం హెలికాప్టర్లూ, ఎన్డీఆర్‌ఎఫ్ పడవలూ వచ్చాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అంటే రేపు రబ్బరు పడవ ఎక్కేది దాండేలి కుర్రాళ్ళే కాదు, గంటల తరబడి వానలో నానిన డెబ్భై ఏళ్ళ ముసలమ్మ కూడా. నీళ్ళు ఒంటి వేడిని గాలి కంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయంటారు. ఆమెని పడవ అడుగున నిలిచిన నీళ్ళలో కూర్చోబెడితే వణుకు పెరుగుతుంది, చేతి పట్టు సడలుతుంది. మోటారు పడవలో ఆ పట్టే ఆధారం. ఒక ఫోమ్ చాపా, కప్పడానికి ఒక టార్పాలిన్ ముక్కా పడవలో మడిచిపెట్టి ఉంచడానికి ఎంతవుతుంది?

జిల్లా కేంద్రాల్లో వరద సన్నాహాలంటే పడవలెన్ని, జాకెట్లెన్ని అని లెక్క రాస్తారు. ఆ జాకెట్లలో ఎన్ని ఆరి ఉన్నాయో, ఎన్నిటికి పట్టీలున్నాయో కూడా ఒక గడి పెట్టి రాయమని నా మనవి.

అమ్మ ఈ మధ్య మళ్ళీ పడవెక్కుదామంది. పాత యోగా చాప ఒకటి మూడు ముక్కలు కోసి బ్యాగులో పెట్టాను. జాకెట్ ఒకటి సొంతంగా కొన్నాను, లేత రంగుది, పలచనిది. చూసి, "దీని మీద కూసోను తీ, ఏసుకుంట" అంది.