బడి తాళంచెవి ఎవరి దగ్గర వుంది?

కార్తీకం వచ్చిందంటే మా తిరుపతి ఆడవాళ్ళకి రెండు పనులు. ఒకటి వత్తులు చేసుకోవడం, రెండోది ఆకాశం వైపు చూడటం. తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమీ తీర్థం, వాటితో పాటే బంగాళాఖాతంలో వాయుగుండాలు. రెండు రోజులు వాన పడితే "ఈ ఏడు చెరువులు నిండుతాయి" అని సంతోషపడతాం. మూడో రోజు కూడా పడితే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. అందరికీ 2021 గుర్తుకొస్తుంది.

ఆ ఏడు నవంబర్ 18. పౌర్ణమికని 365 వత్తులు నేతిలో నానబెట్టుకుని కూర్చున్నాను. వెలిగిద్దామంటే తులసికోట దగ్గర నిలబడే చోటు లేదు, మోకాటి లోతు నీళ్ళు. తిరుమల ఘాట్ రోడ్లు, అలిపిరి మెట్ల దారి మూసేశారు. వేసవిలో పిల్లలు క్రికెట్ ఆడుకునే ఇసుక మేటలే మాకు తెలిసిన స్వర్ణముఖి. ఆ రోజు అదే ఏరు ఒడ్డున వున్న ఇళ్ళని కోసుకుంటూ పోయింది. ఇంకో మూడు రోజులకి రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు ఊరుతున్నాయని తెలిసింది. కట్ట కింది ఊళ్ళ వాళ్ళని ఖాళీ చేయించారు. రాత్రికి రాత్రి సంచుల్లో పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు పెట్టుకుని జనం రోడ్డెక్కారు.

ఇలాంటప్పుడు జనం ఎక్కడికి పోతారు? గుడికి, లేదా బడికి.

మా వీధికి కాస్త దూరంలో ఒక ప్రభుత్వ బడి వుంది. పల్లంలో వున్న వాళ్ళందరూ పిల్లల్ని చంకనేసుకుని అక్కడికి వచ్చారు. గేటుకి తాళం. తాళంచెవి పెద్దయ్యోరి దగ్గర. ఆయన ఇల్లు ఏరు అవతల. ఫోన్లు పనిచేయడం లేదు. వానలో అరగంట నిలబడ్డాక ఒక ముసలామె, "ఈడ నిలబడి చచ్చేదానికంటే పగలగొట్టండి నాయనా, రేపు కొత్త తాళం నేనే కొనిస్తా" అంది. రాయి తీసుకుని పగలగొట్టారు.

లోపలికి పోయినాక ఇంకో తమాషా. ఏ గదిలో కరెంటు షాక్ కొడుతుందో, నీళ్ళ మోటారు స్విచ్చి ఎక్కడుందో, పెద్ద గిన్నెలు ఏ గదిలో పెట్టి తాళమేశారో మాలో ఒక్కరికీ తెలీదు. అక్కడ పిల్లల్ని ఏళ్ళ తరబడి చదివించిన తల్లులం మేం! తెలిసింది ఒక్కామెకే. మధ్యాహ్న భోజనం వండే డ్వాక్రా గ్రూపు అక్కకి. ఆమె వచ్చి చీర కుచ్చిళ్ళు దోపి, "మీరు కూరగాయలు తరగండమ్మా, పొయ్యి సంగతి నేను చూసుకుంటా" అన్నాక గానీ ఆ రాత్రి ఎవరికీ అన్నం పుట్టలేదు. ఆఫీసు పేర్లు, హోదాలు ఏమీ లేని ఆమె తొమ్మిది రోజులు ఆ కేంద్రాన్ని నడిపింది.

అన్నం, దుప్పట్లు, మందులు... అన్నీ ఆలోచించాం. అక్కడున్న నలభై యాభై మంది పిల్లల చదువు గురించి మాత్రం మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. బెంచీల మీద తడి బట్టలు ఆరేశాం. నల్లబల్ల మీద భోజనాల లెక్క రాసుకున్నాం. బడిలోనే వున్నారు పిల్లలు, బడి మాత్రం లేదు.

ఆ ఊరుకోవడం ఎంత ఖరీదైనదో ఒక పాప వల్ల తెలిసింది నాకు.

దానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి. 2020 మార్చిలో కరోనాకి బడులు మూసేశారు కదా. నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకి తెరిచారు, మరుసటి ఏడు ఏప్రిల్‌లో మళ్ళీ మూత. 2021 ఆగస్టు 16న గానీ సరిగ్గా తెరుచుకోలేదు. సర్కారు వాళ్ళు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకి పంపించారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. టీవీ వున్న ఇంట్లో తల్లి వంట చేసుకుంటూ ఒక చెవి అటు వేసి పెడితే పిల్లలు కూర్చునేవాళ్ళు. టీవీ లేని ఇళ్ళ పిల్లలు నా వరండాలోకి వచ్చారు. నేను చదివింది బీఏ తెలుగు. లెక్కలు నాకు రావు. వేమన పద్యాలు చెప్పించాను, పేపరు చదివించాను, రోజూ పది వాక్యాలు రాయించాను. ఏడుగురు వచ్చేవాళ్ళు. అందులో ఒక అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ళమ్మ లాడ్జీల్లో దుప్పట్లు ఉతికే పనికి పోయేది. ఆ పాప చేతిరాత చూస్తే ముచ్చటేసేది. నేను లోపల కుక్కర్ దగ్గరుంటే చిన్నపిల్లలకి తనే డిక్టేషన్ చెప్పేది.

వరదల్లో వాళ్ళ ఇంటి గోడ పడిపోయింది. బడిలో తొమ్మిది రోజులున్నారు. తర్వాత వాళ్ళమ్మ పుట్టిల్లు పుత్తూరు వైపు వుంటే అక్కడికి పోయారు. "ఇల్లు కట్టుకుని వస్తాం మేడమ్" అని చెప్పి పోయింది పాప. బడి కడిగి, సున్నం కొట్టి, క్లాసులు మొదలుపెట్టారు. హాజరు పట్టీలో ఆ పాప పేరు ఎదురుగా ఆబ్సెంట్లు పడుతూ పోయాయి. అయ్యవార్లు వరద డ్యూటీలు, నష్టం లెక్కలు, పోయిన పాఠాలు పూర్తి చేయడం, వీటితో సతమతమయ్యారు. నేను? సంక్రాంతి తర్వాత కనుక్కుందాం అనుకున్నాను. సంక్రాంతి తర్వాత తెలిసింది, ఆ పాపకి పెళ్ళి చేసేశారని. తొమ్మిదో తరగతి.

వాళ్ళమ్మ నంబరు నా ఫోన్‌లో వుంది. డిసెంబర్ నెలంతా వుంది. నేను ఒక్క ఫోన్ చేసుంటే ఆగేదని చెప్పలేను. చేయలేదన్నది మాత్రం నిజం. "నా వరండాలో ఏడుగురికి చదువు చెప్పాను" అని చుట్టాల ఇళ్ళల్లో గొప్పగా చెప్పుకున్న దాన్ని, ఆ ఏడుగురిలో ఒకరు కనపడకపోతే వెతకలేదు.

ఆపదలో బడి పని అంటే పాఠం చెప్పడం ఒక్కటే అనుకుంటాం మనం. రోజూ పిల్లల్ని లెక్కపెట్టుకోవడం, అది అసలు పని. పిల్ల రోజూ ఒక చోటికి వస్తోందంటే పదిమంది కళ్ళు ఆమె మీద వున్నట్టు. ఆ చోటు మూతపడితే ఆడపిల్ల పెళ్ళికి, మగపిల్లాడు మెకానిక్ షెడ్డుకి పోవడానికి రెండు నెలలు చాలు.

"ఇదంతా గవర్నమెంటు చూసుకోవాల్సింది" అంటారు మా ఆయన. నిజమే. కానీ విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ చూడండి. అయ్యవార్లకి వేరే పనులు చెప్పకూడదని రాసి, మూడు మినహాయింపులు పెట్టారు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం. అంటే వరద వచ్చిన రోజు అయ్యవారిని సహాయ పనికి పంపించవచ్చు. తప్పని నేను అనను, ఆ రోజు మనుషులు కావాలి. పిల్లలకి బడి ఎక్కువ అవసరమైన రోజే బడిలో అయ్యవారు తక్కువ వుంటారన్నది మనకి ముందే తెలిసిన విషయం, అంతే. ఆ ఖాళీలో ఎవరుండాలి?

దానికీ జవాబు అదే చట్టంలో వుంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడులకి, ఎయిడెడ్ బడులకి యాజమాన్య కమిటీ వుండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గుర్ని ఎన్నుకుంటారు. మనం పేరెంట్స్ కమిటీ అంటాం. నాడు-నేడు పనులప్పుడు సిమెంటు, టైల్సు, మరుగుదొడ్ల ఖర్చు ఈ కమిటీల చేతుల మీదుగానే నడిచింది. గోడలు కట్టించడం చేతనైన కమిటీకి, గోడ పడిపోయిన రోజు బడి నడపడం చేతకాదా?

చేతనవుతుంది. మనమే పోం. పేరు మనది వుంటుంది, మీటింగుకి ఆయన పోతాడు. లేదా రిజిస్టరు ఇంటికే వస్తుంది, పిండి చేతులు తుడుచుకుని సంతకం పెట్టి పంపిస్తాం. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు, మా వీధి వాళ్ళం ముగ్గులేసి, ఆటలాడి వచ్చాం. బాగుంది. పండగ రోజు పోయిన వాళ్ళం మామూలు రోజు కూడా పోవాలి కదా. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లోనే ప్రతి బడికీ ఒక విపత్తు ప్రణాళిక వుండాలని చెప్పింది. మీ పిల్లల బడిలో ఆ కాగితం ఎప్పుడైనా చూశారా? నేను 2021 వరకు అడగను కూడా అడగలేదు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. యుద్ధాలు, భూకంపాలు, వరదల్లో బడులు ఎట్లా నడపాలని ప్రపంచంలోని సంస్థలెన్నో కలిసి 2004లో కనీస ప్రమాణాలు రాసుకున్నాయి. అందులో ముందు పెట్టింది డబ్బు కాదు, డేరాలు కాదు. ఆ కష్టం పడిన ఊరివాళ్ళే అంచనా వేయడం దగ్గర్నుంచి నడపడం, తనిఖీ చేయడం దాకా పాలుపంచుకోవాలని. ఎక్కడెక్కడో దెబ్బలు తిని నేర్చుకున్న మాట అది.

ఒక భయం నాకూ వుంది. "తల్లులు పాలుపంచుకోవాలి" అనగానే ఊడ్చడం, వండటం, కడగటం అన్నీ ఊరికే మన మీద పడతాయి. లాడ్జీలో రోజుకూలీకి పోయే తల్లి ఒకరోజు బడికొస్తే ఆ రోజు కూలి పోతుంది. అందుకే పని వేరు, పెత్తనం వేరు అని గట్టిగా చెప్పుకోవాలి. వండే అక్కకి కూలి ఇవ్వాలి, వరదల్లో అయినా సరే. అయ్యవారి స్థానంలో నన్ను కూర్చోబెట్టి చేతులు దులుపుకోవద్దు. నా వరండా బడి కాదు, బడి తెరిచే దాకా పిల్లలు చెదిరిపోకుండా పట్టుకునే చోటు మాత్రమే. మనం అడిగేది చాకిరీలో వాటా కాదు, నిర్ణయంలో వాటా. ఏ గదులు జనానికి, ఏ రెండు గదులు పిల్లలకి అన్నది కమిటీ ముందే తేల్చి రాసి పెట్టుకోవాలి.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చేసరికి మేం కాస్త నేర్చుకున్నాం. తాళంచెవి ఒకటి బడి దగ్గరే వుండే వంట అక్క దగ్గర పెట్టించాం, పెద్దయ్యోరే ఒప్పుకున్నారు. తరగతికి ఒక తల్లి చొప్పున పిల్లల పేర్లు, రెండు ఫోన్ నంబర్లు, వీధి మునిగితే ఏ చుట్టాలింటికి పోతారో కూడా రాసుకున్నాం. వాన వెలిశాక మూడో రోజు బడి తెరిచారు. ఐదుగురు రాలేదు. నలుగురికి జ్వరాలు. ఐదో వాడు ఫోనుకి దొరకలేదు. రాసిపెట్టుకున్న చిరునామా పట్టుకుని ఇద్దరం రేణిగుంట పోయాం. వాళ్ళ మేనమామ అంగట్లో పొట్లాలు కడుతున్నాడు. "పుస్తకాలు తడిసిపోయినాయి అత్తా, అయ్యోరు కొడతాడని రాలేదు" అన్నాడు. అంతే కారణం! తరవాతి సోమవారం బడికి వచ్చాడు.

ఒక్క పిల్లాడే. ఆ పాప విషయంలో నేను చేయని పని ఏమిటో మాత్రం ఆ రోజు అర్థమైంది. బస్సు ఛార్జీ, ఒక పూట.

అందుకే ఈ కార్తీకంలో వత్తులు చేసుకుంటూ మీరూ నాలుగు విషయాలు కనుక్కోండి. కమిటీలో మీ తరగతి తరఫున వున్నది ఎవరు? బడి తాళంచెవి రెండోది ఎవరి దగ్గర వుంది? పిల్లల పట్టిక ఎవరు రాశారు? నీళ్ళొస్తే చదువుకి వదిలే గదులు ఏవి? ప్రైవేటు బడి అయితే ఈ చట్టం కమిటీ వుండాలని చెప్పదు, అయినా అడగడానికి అడ్డేమీ లేదు.

మా పట్టిక వంటింటి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను, పాల లెక్క పక్కనే. ప్రతి జూన్‌లో కొత్తది రాస్తాం. నా చేతిరాత అంత బాగుండదు. ఆ పాప వుంటే తనతో రాయించేదాన్ని.