సంతలో కనిపించే స్త్రీ పట్టాలో ఎందుకు కనిపించదు?

విశాఖ మన్యం గురించి మైదానాల్లో రెండు కథలు వినిపిస్తాయి. అరకు చూసొచ్చినవాళ్ళు కొండలు, కాఫీ తోటలు, థింసా నృత్యం గురించి చెబుతారు. మనలాంటి పరిశోధకులు, కార్యకర్తలు మాత్రం ఆదివాసీ స్త్రీ మైదానపు స్త్రీ కన్నా స్వేచ్ఛగా బతుకుతుందని చెబుతాం. మొదటి కథ ఎలాగూ పైపైదే. రెండోదాన్ని మనం గట్టిగా ప్రశ్నించుకోవాలని నా అభిప్రాయం.

పాడేరు నుంచి జీపులో వెళ్ళి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి, గెడ్డలు దాటుతూ కొన్ని గూడేలు తిరిగాను. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం దగ్గరైంది గాని, ఇప్పటికీ రోడ్డు లేని గూడేలున్నాయి. నెలలు నిండిన స్త్రీని అక్కడ డోలీలోనే మోసుకొస్తారు. అదే దారిన సంత రోజున పసుపు, అల్లం, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకుంటూ ఆడవాళ్ళు దిగుతారు. షావుకారుతో బేరమాడేది, వచ్చిన డబ్బు కొంగున ముడేసుకునేది వాళ్ళే. కాపురం కుదరకపోతే వదిలి రావచ్చు. భర్త పోతే మళ్ళీ మనువాడవచ్చు, ఎవరూ వేలెత్తి చూపరు. ఇదంతా నిజమే. ఇక్కడితో ఆగిపోతే మనకు స్వేచ్ఛ మాత్రమే కనిపిస్తుంది.

నేను వెళ్ళిన ప్రతిచోటా ఒక ప్రశ్న అడిగాను: ఈ భూమి ఎవరి పేరున ఉంది? చోళ్ళ చేలో కలుపు తీస్తున్న ఒకామె "మా మరిదిదమ్మా" అంది. భర్త పోయి ఆరేళ్ళయింది. పోడు కొట్టిన నాటి నుంచీ ఆ కొండవాలు మీద రాళ్ళు ఏరి, విత్తి, కోసింది ఆమే. మరి నీకో అని అడిగితే, "నాకేటుంటదమ్మా, పని సేత్తన్నాను, తింతన్నాను" అంది.

చట్టం ఇలా చెప్పదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేర్లా ఉండాలి. ఒంటరి స్త్రీ కుటుంబ పెద్ద అయితే ఆమె పేరున ఉండాలి. అయితే అడవి కాని సాగుభూమి విషయంలో ఆమె పరిస్థితి మరీ అన్యాయం. హిందూ వారసత్వ చట్టం (1956) సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప అది షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే ఆ చట్టాన్ని సవరించుకుందని గర్వపడతాం. ఆ గర్వంలో ఆదివాసీ కూతురికి చోటు లేదు. 1996లో మధు కిష్వర్ కేసులో సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు ఆచార చట్టాన్ని కొట్టివేయకుండా, స్త్రీల జీవనోపాధికి రక్షణ ఇచ్చి ఊరుకుంది. 2025 జూలైలో మాత్రం ఒక గోండు కుటుంబం కేసులో, స్త్రీకి వాటా లేదనే ఆచారాన్ని నిరూపించలేనప్పుడు ఆమెను కాదనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. ఇది పెద్ద అడుగే. కానీ తీర్పు పట్టుకుని కోర్టుకు వెళ్ళగలిగినవాళ్ళెందరు?

ఈ మాట ఎత్తగానే ఒక అభ్యంతరం వస్తుంది. ఆడపిల్లకు భూమి ఇస్తే గిరిజనేతరుణ్ణి చేసుకుని బయటివాళ్ళ పాలు చేస్తుందంటారు. గిరిజనేతరులు ఆదివాసీ స్త్రీలను చేరదీసి, వాళ్ళ పేరున బినామీగా భూములు పెట్టుకున్న ఉదంతాలు ఉన్నమాట వాస్తవమే. కానీ బినామీకి ఆదివాసీ మగవాళ్ళ పేర్లు కూడా వాడుకున్నారు. అందుకని మగవాళ్ళకు భూమి వద్దని ఎవరూ అనలేదే! గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1/70 చట్టం ఉంది. అటవీ హక్కు పట్టాను అసలు ఎవరికీ అమ్మడానికే వీల్లేదు. భూమి జారిపోకుండా చూడాల్సింది ఈ చట్టాల అమలు ద్వారానే గాని, స్త్రీని పక్కన పెట్టి కాదు.

ఆదివాసీ ఆచారాల్లో మనం వేలు పెట్టకూడదని కొందరు మిత్రులంటారు. బయటినుంచి తీర్పులు చెప్పకూడదనేది నేనూ ఒప్పుకుంటాను. ఆచారం ఏమిటో చెప్పాల్సింది గూడెమే. అయితే ఆ గూడెంలో సగం స్త్రీలని గుర్తుంచుకోవాలి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం, అటవీ హక్కులపై గ్రామసభ జరిగితే హాజరైనవాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. వాళ్ళు కట్టెలకో, చేలకో వెళ్ళిన వేళ సభ పెట్టి, తర్వాత వేలిముద్రలు తీసుకుంటే ఆ నిబంధన కాగితానికే పరిమితమవుతుంది.

మన్యంలో పనిచేసే సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. వెళ్ళిన ప్రతి గూడెంలో పట్టా తీసి చూడాలి. భార్య పేరు లేకపోతే చేర్పించాలి. వితంతువుల, ఒంటరి స్త్రీల క్లెయిములు విడిగా రాయించాలి. సభ ఏ వేళకు పెట్టాలో ఆడవాళ్ళనే అడగాలి. సెక్షన్ 2(2) విషయంలో మన చర్చ హైదరాబాదు సదస్సులతో ఆగకుండా ఆ సంతల దాకా వెళ్ళాలి.