సంతకానికి ముందు ఆ కాగితం చదవండి!



నాన్న పోయిన ఏడాదికో, తమ్ముడు ఇల్లు మొదలుపెట్టే వేళకో పుట్టింటి నుంచి ఫోన్ వస్తుంది. "రిజిస్ట్రార్ ఆఫీసుదాకా ఓసారి వచ్చి వెళ్లమ్మా, చిన్న సంతకం." అక్కడ డాక్యుమెంట్ రైటర్ పేజీలు తిప్పుతూ ఎక్కడెక్కడ పెట్టాలో వేలితో చూపిస్తాడు. అందులో ఏముందో చెప్పడు. ఫొటో, వేలిముద్రలు అయిపోతాయి. మధ్యాహ్నం భోజనం, బొట్టు పెట్టి ఓ చీర. సాయంత్రం బస్సెక్కేసరికి ఉమ్మడి ఆస్తిలో మన వాటా ఉండదు. మనం సంతకం పెట్టింది హక్కు విడుదల దస్తావేజు మీద.

"అన్నదమ్ములతో గొడవ నాకెందుకులే" అని మనమే అంటాం. ఎందుకంటాం?

ఇలాంటి ప్రశ్నే వేస్తూ ఫ్రాన్స్ తత్వవేత్త సిమోన్ ద బోవా 1949లో 'ది సెకండ్ సెక్స్' రాశారు. మనిషి ముందే ఖాయమైన స్వభావంతో పుట్టడు, తాను ఎంచుకున్న పనులతోనే తయారవుతాడు అంటుంది అస్తిత్వవాదం. మరి ఓర్పూ త్యాగమూ ఆడదానికి మాత్రం పుట్టుకతో ఎలా వచ్చాయని ఆమె నిలదీశారు. రాలేదు, నూరిపోశారు. మగవాడు తానే అసలు మనిషినని లెక్కేసుకుని, ఆమెను పక్కన రెండోదానిగా నిలబెట్టాడు.

ఆమె మనల్నీ వదల్లేదు. నిర్ణయం ఎవరికో అప్పగిస్తే భారం తగ్గుతుంది, మంచి ఆడపడుచు అన్న పేరూ దక్కుతుంది. అందుకోసం "నాకు వేరే దారి లేదు" అని మనకు మనమే చెప్పుకునే అబద్ధం ఆత్మవంచన. అలాగని తొందరపడి ఎవర్నీ తిట్టకండి. భర్త కొడితే పుట్టిల్లు తప్ప దిక్కులేని మనిషి ఆ పుట్టింటితో ఏం తగువు పడుతుంది? దారులు నిజంగా మూసేసిన చోట తప్పు మూసినవాళ్లదేనని బోవా వాదన.

బోవా దేశంలోనూ ఆ దారులు తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. భర్త అడ్డు చెప్పడానికి వీల్లేకుండా ఉద్యోగం చేసుకునే హక్కు, తన పేరన బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఫ్రెంచి భార్యకు 1965లో గానీ రాలేదు. 1971 ఏప్రిల్‌లో 343 మంది స్త్రీలు "మేం గర్భస్రావం చేయించుకున్నాం" అని పత్రికలో పేర్లు బయటపెట్టారు. అప్పటికి అది జైలుకు పంపే నేరం. ప్రకటన రాసింది బోవానే. ఒక్కామె అయితే కేసు పెట్టేవాళ్లు, అంతమందిని ముట్టుకోలేకపోయారు. 1975లో చట్టం మారింది.

మనకు చట్టం ఎప్పుడో వచ్చింది. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, అప్పటికి పెళ్లికానివాళ్లకు. 2005లో దేశమంతా, పెళ్లయినవాళ్లకూ. తండ్రి ఆనాటికి బతికుండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా వాటా చీర మడతల్లోనే పోతోంది.

తమ్ముడికి ఇవ్వాలనుంటే ఇవ్వండి. ఎన్ని సెంట్లో, ఎంత విలువో తెలుసుకుని ఇవ్వండి. కాగితం ముందురోజే ఇంటికి తెప్పించుకోండి. అర్థం కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పట్టుకెళ్లండి, ఆదాయం ఎంతైనా ఆడవాళ్లకు అక్కడ ఉచితం, ఫోన్ 15100. ఆఫీసుకు ఒంటరిగా వెళ్లకండి, వీధిలో ఇద్దరిని వెంటబెట్టుకోండి. రేపు వాళ్లకు ఫోన్ వస్తే మీరు వెళ్లండి.