మంచునది, పొగబండి



స్విట్జర్లాండు దేశములోని గ్లెచ్ అనే కొండ ఊరి ఫోటోలు రెండు ఈ మధ్య మా కంటబడ్డాయి. మేము ఆ దేశము చూసినవారము కాము. అయినా వాటిని చాలాసేపు చేత పట్టుకొని కూర్చున్నాము.

మొదటిది 19వ శతాబ్దపు ఫోటో. రోన్ హిమానీనదము కొండమీదనుండి లోయ అడుగువరకు దిగి, తెల్లగా పరచుకొని ఉంది. హిమానీనదమంటే ఏటేటా కురిసిన మంచు పేరుకొని, గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారే మంచునది. రెండవది ఈ కాలపు ఫోటో. పాత పొగబండి స్టేషనులో ఆవిరి చిమ్ముతూ నిలిచి ఉంది. దాని వెనుక మంచు లేదు, బోడి బండ మాత్రమే ఉంది.

ఆ బండి కథ వినదగినది. ఫుర్కా కనుమ మీదుగా ఆ రైలు దారి 1926లో పూర్తయింది. ఏటవాలు ఎక్కువైన చోట పట్టాల నడుమ పండ్లు గల మరొక పట్టా ఉంటుంది. ఇంజను క్రింది పండ్లచక్రము దానిని పట్టుకొని పైకెక్కుతుంది. ఒక వంతెననైతే మంచుచరియలు కొట్టుకొని పోకుండా ప్రతి ఏడు చలికాలమునకు ముందే మడిచివేసి, చలి పోయాక మరల చాపుతారు!

1982లో కొండ అడుగున 15 కిలోమీటర్ల సొరంగము తెరిచారు. పై దారి మూలబడింది. అయితే రైలును ప్రేమించిన సామాన్యులు జీతము ఆశించక వచ్చి పట్టాలు బాగుచేశారు. 1947లో వియత్నాముకు అమ్మిన ఇంజనులను 1990లో తిరిగి తెచ్చుకొన్నారు. 1992లో కొంతదూరము, 2010 నాటికి దారి పొడవునా పొగబండి నడిచింది.

మంచునది సంగతి అట్లు కాదు. లోకమంతట బొగ్గు, చమురు కాల్చుటవలన గాలి వేడెక్కి అది కరుగుచున్నది. అందులో ఈ చిన్న ఇంజను పొగ వంతు బహు స్వల్పము. ఇటీవలి సంవత్సరములలో మంచులో తొలిచిన గుహ కరగకుండా వేసవిలో తెల్లని దుప్పట్లు కప్పుతూ వచ్చారు. దుప్పటి ఆలస్యము చేయగలదుగాని ఆపలేదు.

మనుష్యుడు చేసినది పాడైతే మనుష్యుడే బాగుచేసుకొనగలడు. తాను చేయనిదానిని ఎక్కడనుండి తెచ్చుకొనును?

ఆనాడెవరో అక్కడ నిలిచి ఫోటో తీసినందుననే ఎంత పోయినదో నేడు కంటితో చూడగలుగుచున్నాము. మీలో ఎవరైనా కొండలకు ప్రయాణమైతే, బండిని మాత్రమే కాక వెనుక కొండ కూడ పడునట్లు ఫోటో తీయండి. నిలిచిన చోటు, తేదీ దాని వెనుక వ్రాసి దాచండి. మీ మనుమలు అక్కడే నిలిచి మరల తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకొంటారు.