ఏ వాసన కలిపారో చెప్పాల్సిందే

పక్క ఫ్లాట్ బాల్కనీలో ఆరేసిన దుప్పటి వాసనకు ఆయాసం వస్తోందని ఎవరైనా అంటే, సబ్బు వాసనకు కూడా జబ్బేమిటని తీసిపారేసేవాళ్లే ఎక్కువ. ఉబ్బసం, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకు, చర్మం తొందరగా దద్దురెక్కే పసివాళ్ల తల్లులకు అది తీసిపారేసే విషయం కాదు. లిఫ్టులో పక్కవారి చొక్కా నుంచి ఘాటు తగిలితే చాలు, కొందరికి పిల్లికూతలు మొదలవుతాయి, తల పగిలిపోతుంది. సువాసన కలిపిన ఉత్పత్తుల వల్ల ఏదో ఒక ఇబ్బంది కలిగిందని అమెరికాలో 2016లో వెలువడిన సర్వేలో 34.7 శాతం మంది చెప్పారు. అది జనం చెప్పుకున్నదే, డాక్టర్లు పరీక్షించి తేల్చింది కాదు. అయినా మూడోవంతు మంది మాటను పెడచెవిన పెట్టలేం.

ఈ వాసన బట్టను ఎందుకు వదలదో తెలిస్తే సమస్య అర్థమవుతుంది. సర్ఫ్ మురికితో పాటు నీళ్లలో కొట్టుకుపోవాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ అలా కాదు, చివరి జాడింపులో వేస్తారు, నూలుపోగుకు పూతలా పట్టుకుని ఉండిపోవడానికే దాన్ని తయారుచేస్తారు. కొన్నింటిలో కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో అత్తరు నింపి కలుపుతారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నప్పుడు, దిండు మీద చెంప ఆన్చి అటూ ఇటూ కదిలినప్పుడు ఆ రాపిడికి గుళికలు చిట్లుతాయి, వాసన సరిగ్గా ముక్కు దగ్గరే విడుదలవుతుంది. వారాల తరబడి తాజాదనమంటూ ప్రకటనల్లో గొప్పగా చెప్పేది దీని గురించే. ఈ గుళికల పైపెంకు చాలావరకు ప్లాస్టిక్ జాతిదే కావడంతో ఐరోపా సమాఖ్య వీటిని మైక్రోప్లాస్టిక్ నిషేధంలో చేర్చి, 2029 వరకు గడువిచ్చింది. ఇక విరివిగా వాడే లినలూల్, లిమొనీన్ వంటి పరిమళ పదార్థాలు గాలి తగిలి మారిపోయాక చర్మానికి అలర్జీ తెచ్చే గుణం పెంచుకుంటాయి. వానాకాలంలో ఇంట్లోనే ఆరేసిన బట్టలకు ముక్కవాసన రాకూడదని మూత నిండా పోసే కండిషనర్, కిటికీలు మూసిన గదిలో ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళుతుందో వేరే చెప్పాలా?

మన దేశంలో ఒక ప్యాకెట్ తిప్పి చూడండి. ధర, బరువు, తయారీ తేదీ ఉంటాయి. వాసన సంగతికొస్తే ‘పర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాట, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ మాట వెనక పదుల కొద్దీ రసాయనాలుండవచ్చు. ఐరోపాలో 2005 నుంచే, అలర్జీ తెస్తాయని గుర్తించిన 26 సువాసన పదార్థాల్లో ఏదైనా బట్టల సబ్బులో 0.01 శాతం దాటితే దాని పేరు ముద్రించి తీరాలి. కాస్మెటిక్స్ విషయంలో ఆ జాబితాను 2023లో 80కి పైగా పెంచారు. దురద ఎందుకొస్తోందో చర్మవైద్యుడు ప్యాచ్ టెస్టు చేసి ఫలానా పదార్థం పడదని తేల్చినా, మన రోగి దుకాణంలో ఏ ప్యాకెట్ వదిలేయాలో తెలుసుకునే దారి లేదు.

సువాసన మిశ్రమం వ్యాపార రహస్యమన్న వాదనను మేం ఒప్పుకోం. అడుగుతున్నది పాళ్లు కాదు, అలర్జీ కారకాల పేర్లు. ఐరోపాలో ఆ పేర్లు ముద్రించే బహుళజాతి కంపెనీలే ఇక్కడా అమ్ముతున్నాయి. అక్కడి కొనుగోలుదారుకు చెప్పగలిగింది ఇక్కడి కొనుగోలుదారుకు ఎందుకు చెప్పరు?

పడనివాళ్లు వాడటం మానేస్తే సరిపోతుంది కదా అనేది మరో మాట. ఇంట్లో మానేయొచ్చు. ఆసుపత్రి మంచం మీది దుప్పటిని, హాస్టల్లో పక్క మంచాన్ని, బస్సులో పక్క సీటును ఎలా మానేస్తారు? అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2009లోనే తన కార్యాలయాల్లో సువాసన ఉత్పత్తుల వాడకానికి అడ్డుకట్ట వేసింది. ఉద్యోగులు ఘాటైన వాసన బట్టలతో రావద్దని కోరింది.

సువాసనను నిషేధించాలని మేం అనడం లేదు. ఇష్టమున్నవాళ్లు కొనుక్కుంటారు. అయితే బట్టల సబ్బులు, పొడులు, ద్రవాలు, కండిషనర్లన్నిటి మీదా అలర్జీ కారకాల పేర్లు ముద్రించడాన్ని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తప్పనిసరి చేయాలి. కంపెనీలకు ఏడాది గడువు చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అంతదాకా ఆగనక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రుల దుప్పట్లు, గురుకులాల పక్కబట్టలు వాసన కలపని పొడితోనే ఉతకాలని టెండరులో ఒక్క నిబంధన చేర్చడానికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు. శ్వాసకోశ వ్యాధుల వార్డులు, పసిపిల్లల వార్డుల నుంచి అది ఈ వానాకాలంలోనే మొదలు కావాలి.