ఒకే సర్వర్, రెండు దుకాణాలు
నెలనెలా అద్దె కట్టే సర్వర్‌లో ఒక్క వెబ్‌సైటే ఉండాలా? అక్కర్లేదు. ఏ సైట్ కావాలో బ్రౌజర్ ‘హోస్ట్’ హెడర్‌లో పేరు రాసి పంపుతుంది. ఇంజిన్‌ఎక్స్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లా ఆ పేరు చూసి, చీరల షాపుదైతే 3000 పోర్టుకి, ట్యూషన్ సెంటర్‌దైతే 8000కి పంపేస్తుంది. జాబితాలో లేని పేరొస్తే? మనం వేరేగా చెప్పకపోతే మొదట రాసిన సైటే చూపిస్తుంది. ట్యూషన్ అడిగితే చీరలు కనిపించేది అందుకే!

అసలు చిక్కు వెనకాల ఉంది. ఒక అప్లికేషన్ ర్యామంతా మింగేస్తే లైనక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. అది అందరూ వాడే డేటాబేసే కావచ్చు. సిస్టమ్‌డీలో ‘మెమరీమ్యాక్స్’ పెడితే ఎవరి వాటా వాళ్లదే. లైనక్స్ యూజర్లూ వేరుగా ఉండాలి, లేదంటే ఒక సైట్ హ్యాకైతే రెండోదాని పాస్‌వర్డులూ పోతాయి. ఇక ఆ పోర్టులు 127.0.0.1 మీదే వినాలి. లేకపోతే వాచ్‌మన్‌కి తెలియకుండానే ఎవరైనా నేరుగా లోపలికొచ్చేస్తారు.