ఇల్లు ఊరవతలా? రోడ్డు కార్లకా?



పరేల్, వర్లీ చాళ్లలో ఉన్నన్నాళ్లూ మనకు బస్సు ఖర్చు లేదు. సైరన్ వినబడితే నడిచిపోయి మగ్గం ముందు నిలబడేవాళ్లం. ఇల్లు, రవాణా వేర్వేరు సమస్యలు కావని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

1982 సమ్మె తర్వాత ముంబయి మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆ భూముల్లో కొత్త కట్టడాలు లేస్తే సుమారు మూడోవంతు సామాన్యుల ఇళ్లకివ్వాలని 1991 నిబంధన. 2001లో దాన్ని మార్చి, మొదటినుంచీ ఖాళీగా ఉన్న జాగాకే లెక్క అన్నారు. మన వాటా పోయింది, టవర్లు లేచాయి.

ఇళ్లకు దరఖాస్తు పెట్టినవారు లక్షన్నరకు పైనే. 2012 నుంచి వేసిన లాటరీల్లో దక్కింది కొద్దిమందికే. మిగిలినవారిని బద్లాపూర్ దాటి వాంగణీ, శేలు పొమ్మంటున్నారు. ముసలి ప్రాణం ఆ లోకల్ రైలు ఎక్కి ఏ ఆసుపత్రికి రావాలి?

డబ్బు లేదా? 2024లో తెరిచిన కోస్టల్ రోడ్డుకు సుమారు 14 వేల కోట్లు దొరికాయి. దానిమీద మోటారు సైకిలుకు కూడా అనుమతి లేదు!

2025 జూలై 9న ఆజాద్ మైదానంలో కార్మికులు అడిగిందే మళ్లీ అడుగుదాం: ముంబయిని నేసిన చేతులకు ముంబయిలోనే ఇల్లు. ఇది దానం కాదు, బాకీ!